12.6 ఫ్యాట్: రోజ్‌మిల్క్ రంగు రక్తంతో వచ్చిన పాప

పాప వయసు 70 రోజులు. తల్లిపాలు తప్ప చుక్క నీళ్లు కూడా పట్టలేదు. నాలుగు రోజులుగా వాంతులు. పాలు తాగి పది నిమిషాలు కాకముందే కాళ్లు ముడుచుకుని ఏడుస్తోంది. పుట్టినప్పుడు 2.8 కిలోలు, మా పిల్లల వార్డుకి వచ్చిన రోజు 4.1 కిలోలు. ఈ వయసుకి ఇంకో ఏడెనిమిది వందల గ్రాములు ఉండాల్సింది.

అంతకు ముందు వాళ్ల ఊరి దగ్గర ఒక ల్యాబ్‌లో రెండుసార్లు రక్తం ఇచ్చారు. రెండుసార్లూ శాంపిల్ పాడైందని, మళ్లీ తీయమని వెనక్కి పంపారు. పాడైంది శాంపిల్ కాదు. ఆ చీటీ మీద రాసిన ఒక్క మాట, 'లైపీమిక్', అంటే కొవ్వుతో నిండిన రక్తం, అదే జబ్బు పేరుకి దగ్గర దారి. దాన్ని ఎవరూ చదవలేదు.

తల్లిదండ్రుల అనుమతితో, ఆనవాళ్లు తెలియకుండా ఈ కేసు రాస్తున్నాను. పిల్లల వైద్యంలో ఇన్నేళ్లలో ఇలాంటి పాపను నేను చూడడం ఇదే మొదలు. లైపోప్రోటీన్ లైపేజ్ అనే ఎంజైము లోపం, పది లక్షల మందిలో ఒకరిద్దరికి వచ్చే జబ్బు. కానీ దీన్ని ఇంత వివరంగా రాయడం అరుదైనది కాబట్టి కాదు. కొవ్వు మన ఒంట్లోకి ఎలా వస్తుంది, ఎక్కడికి వెళ్తుంది, ఎందుకు కావాలి అన్నవి మాకు పుస్తకాల కంటే స్పష్టంగా ఈ పాపే నేర్పింది.

మొదటి రోజు

పాప నీరసంగా ఉన్నా తెలివిగానే ఉంది. కాలేయం పక్కటెముకల కింద 4 సెంటీమీటర్లు తగిలింది, ప్లీహం 2. పిరుదుల మీద, తొడల వెనక ఆవగింజలంత పసుపు పొక్కులు, చుట్టూ సన్నని ఎరుపు. తల్లి వాటిని చెమటకాయలనుకుని పౌడరు రాస్తోంది. సిస్టర్ పాప చేతి నుంచి రక్తం తీస్తూ ఆగిపోయి నన్ను పిలిచింది. సిరంజిలో ఉన్నది రక్తం రంగులో లేదు. నీళ్లు కలిపిన రోజ్‌మిల్క్‌లా ఉంది. ట్యూబులో పోసి తిప్పాక పైన తేలిన సీరం తెల్లగా, చిక్కగా ఉంది. కేలండరు కాగితం మీద ఆ ట్యూబు పెట్టి చూస్తే వెనక అక్షరం ఒక్కటీ కనపడలేదు.

గంటలో మొదటి రిపోర్టు వచ్చింది. సోడియం 116. డ్యూటీలో ఉన్న పీజీ డాక్టరు గాఢమైన ఉప్పు సెలైన్ లెక్క వేసి మందు చీటీ కూడా రాసేశారు. సోడియం నిజంగా అంత పడిపోయిన పసిపాప ఫిట్స్‌తోనో, మత్తుగానో ఉండాలి. ఈ పాప చూపు నిలిపి చూస్తోంది, వేలు నోట్లో పెడితే చప్పరిస్తోంది. అదే రక్తాన్ని బ్లడ్ గ్యాస్ మెషీన్‌లో పెట్టించాను. 137 వచ్చింది.

ఈ తేడాకి కారణం కొవ్వే. పెద్ద ల్యాబ్ మెషీన్లు సీరాన్ని ముందు పలచన చేసి, అందులో 93 శాతం నీరే అన్న లెక్కతో సోడియం చెబుతాయి. సోడియం ఉండేది నీటిలో. నీటి చోటులో కొంత కొవ్వు ఆక్రమిస్తే మెషీన్‌కి అది తెలియదు. బ్లడ్ గ్యాస్ మెషీన్ పలచన చేయకుండా నేరుగా నీటి భాగంలోనే కొలుస్తుంది. ఆ ఉప్పు సెలైన్ ఎక్కించి ఉంటే మేమే పాప మెదడుకి హాని చేసేవాళ్లం. పాలలాంటి సీరం కనపడితే ముందు సోడియాన్ని అనుమానించండి. ఆ తర్వాత హిమోగ్లోబిన్, క్లోమం వాపు పట్టిచ్చే అమైలేజ్ కూడా. హిమోగ్లోబిన్ లేనంత ఎక్కువ చూపిస్తుంది, అమైలేజ్ ఉన్నంత చూపించదు.

పలచన చేసి కొలిచిన ట్రైగ్లిజరైడ్స్, అంటే రక్తంలోని కొవ్వు, సాయంత్రానికి వచ్చాయి: డెసిలీటరుకి 12,600 మిల్లీగ్రాములు. ఈ వయసు పాపకి వందా నూటయాభై ఉంటుంది. కంటి డాక్టరు వచ్చి చూస్తే కంటిపొరలో రక్తనాళాలు ఎర్రగా కాక మీగడరంగులో కనిపించాయి. క్లోమం చేసే ఎంజైము లైపేజ్ మామూలు కంటే ఆరేడు రెట్లు ఎక్కువ, స్కాన్‌లో క్లోమం వాచింది. ఏడుపుకి కారణం అదే: క్లోమం వాపు. కొవ్వుతో నిండిన రక్తం క్లోమంలోని సన్నటి నాళాల్లో నిలిచిపోతే, అక్కడి లైపేజ్ ఆ కొవ్వును కోసి పోగులు పోగులుగా ఫ్యాటీ ఆమ్లాలను వదులుతుంది. అవి కణాలను కాల్చేస్తాయి.

ఆ రాత్రి ఒక చిన్న ట్యూబులో సీరం పోసి ఫ్రిజ్‌లో కదపకుండా పెట్టించాను. ఇది పాత పరీక్ష, ఖర్చు లేనిది. పొద్దున్న చూస్తే పైన అంగుళం మందాన మీగడ పేరుకుంది, కింద దాదాపు తేటగా ఉంది. తేలింది కైలోమైక్రాన్లు, అంటే తాగిన పాల నుంచి వచ్చిన కొవ్వు. కాలేయం తయారుచేసే కొవ్వు కూడా పేరుకుని ఉంటే కింది భాగం మబ్బుగానే ఉండేది.

తండ్రి అడిగిన ప్రశ్న

పాప తండ్రికి పాడి ఉంది. ఐదు గేదెలు. పొద్దున్నా సాయంత్రం పాల కేంద్రానికి పాలు పోస్తాడు. అక్కడ ఫ్యాట్ రీడింగ్ చూసి డబ్బులు కడతారు కాబట్టి, ఆ అంకె ఆయనకి మనకి ఫోన్ నంబరు ఎంత గుర్తో అంత గుర్తు. నేను ట్రైగ్లిజరైడ్స్ అని మొదలుపెట్టగానే మొహంలో ఏమీ అర్థం కాని తనం కనిపించింది. రిపోర్టు తీసుకుని, అంకె కింద వేలు పెట్టి, "మేడమ్, ఇది మా లెక్కలో ఎంత ఫ్యాట్?" అన్నాడు.

నేను లెక్క వేశాను. డెసిలీటరు అంటే వంద మిల్లీలీటర్లు. 12,600 మిల్లీగ్రాములంటే 12.6 గ్రాములు. "12.6."

"మా గేదెలకి ఏడు దాటితే గొప్ప మేడమ్," అన్నాడు. కాసేపు ఏమీ మాట్లాడలేదు.

ఆ మాట నాకు ఇంకో లెక్క తట్టించింది. నాలుగు కిలోల పాప ఒంట్లో ప్లాస్మా సుమారు 190 మిల్లీలీటర్లు. 12.6 శాతం చొప్పున అందులో 24 గ్రాముల కొవ్వు. పాప రోజుకి తాగే తల్లిపాలు ఇంచుమించు 600 మిల్లీలీటర్లు, వాటి ఫ్యాట్ నాలుగు. అదీ 24 గ్రాములే. ఒక రోజంతా తాగిన పాల మీగడ మొత్తం రక్తంలోనే తిరుగుతోంది, దిగే చోటు దొరక్క. జబ్బు ఏమిటో ఆ కుటుంబానికి చెప్పడానికి నాకు ఇంతకంటే మంచి మాట దొరకలేదు. పాప ఎక్కువ కొవ్వు తాగలేదు. అందరు పిల్లలూ తాగినంతే తాగింది. అది దిగాల్సిన చోట దిగలేదు.

కొవ్వు వెళ్లే దారి

రక్తం నీళ్లతో చేసింది, కొవ్వు నీళ్లలో కలవదు. ఒంట్లో కొవ్వుకి జరిగే ప్రతిదీ ఈ ఒక్క ఇబ్బందిని దాటడానికే.

పాలలోని కొవ్వులో 98 శాతం ట్రైగ్లిజరైడ్స్. ఒక గ్లిసరాల్ వెన్నుకి మూడు ఫ్యాటీ ఆమ్లాల తోకలు. పేగు ఆ మూడు తోకల బొమ్మను అలాగే పీల్చుకోలేదు. అందుకని లైపేజ్ ఎంజైములు రెండు తోకలు కత్తిరిస్తాయి. పసిపిల్లల క్లోమం ఇంకా లేతది, చాలినంత లైపేజ్ చేయలేదు. అందుకే తల్లిపాలలోనే ఒక లైపేజ్ వస్తుంది. పైత్యరసం తగలగానే అది పని మొదలుపెడుతుంది. తల్లి కొవ్వుతో పాటు దాన్ని కోసే కత్తినీ పంపుతోందన్నమాట. డబ్బాపాలలో ఈ ఎంజైము లేదు.

తెగిన ముక్కలను పైత్య లవణాలు చుట్టుముట్టి చిన్న చిన్న గుళికలు చేస్తాయి. వాటికి ఒకవైపు నీటికి, ఒకవైపు నూనెకి చెలిమి. జిడ్డుగిన్నె మీద కుంకుడురసం చేసే పని లాంటిదే. గుళిక పేగు గోడని తాకి ముక్కలను లోపలికి వదులుతుంది. పేగు కణం వాటిని మళ్లీ మూడు తోకల ట్రైగ్లిజరైడ్‌గా కుడుతుంది. కోసి, దాటించి, మళ్లీ కుట్టడం. మొదట చదివినప్పుడు నాకిది వృథా శ్రమ అనిపించింది. కానీ గోడ దాటాలంటే విడగొట్టాలి, ప్రయాణం చేయాలంటే మూటకట్టాలి.

ఆ మూటే కైలోమైక్రాన్. లోపల ట్రైగ్లిజరైడ్స్, కాస్త కొలెస్టరాల్, ఎ, డి, ఇ, కె విటమిన్లు. పైన ఫాస్ఫోలిపిడ్ల పలుచని పొర, దాన్ని పట్టి ఉంచే ప్రోటీన్ అపోబీ48. ఈ మూట పెద్దది, రక్తకేశనాళికల్లో దూరలేదు. అందుకే పేగు మడతల్లోని లింఫ్ నాళాల్లోకి వెళ్తుంది. 1622లో ఇటలీలో గాస్పరే అసెల్లీ అనే వైద్యుడు అప్పుడే మేత తిన్న కుక్క పొట్ట కోసి చూసి, పేగుల వెంట తెల్లటి దారాలు పరుచుకుని ఉండడం గమనించాడు. కోస్తే పాలలాంటి ద్రవం కారింది. పస్తున్న కుక్కలో ఆ దారాలు కనపడలేదు. ఆయన చూసింది ఈ మూటల ప్రయాణమే.

లింఫ్ నాళాలన్నీ కలిసి ఛాతీలోంచి పైకి వచ్చి మెడ దగ్గర ఎడమవైపు సిరలో కలుస్తాయి. చక్కెర, ప్రోటీన్ పేగు నుంచి నేరుగా కాలేయానికి వెళ్తాయి. మనం తినే మామూలు కొవ్వు మాత్రం కాలేయాన్ని పక్కన పెట్టి ముందు ఒళ్లంతా తిరుగుతుంది. ఈ సంగతి గుర్తుంచుకోండి, వైద్యం దీని మీదే నిలబడింది.

రక్తంలోకి వచ్చిన మూటకి హెచ్‌డీఎల్ అనే ఇంకో చిన్న కొవ్వు మూట నుంచి అపోసీ2 అనే చిన్న ప్రోటీన్ అంటుకుంటుంది. అది తాళంచెవి. గుండె, కండరాలు, కొవ్వు కణజాలంలోని సన్నని నాళాల లోపలి గోడకి లైపోప్రోటీన్ లైపేజ్ అనే ఎంజైము వేలాడుతూ ఉంటుంది. మూట వచ్చి దానికి ఆనగానే ఫ్యాటీ ఆమ్లాలు తెగి పక్కనున్న కణంలోకి దిగుతాయి. ఆకలేస్తే కండరంలో కాలుతాయి, లేకపోతే కొవ్వు కణంలో నిల్వ. ఖాళీ అయిన సంచిని కాలేయం తీసుకుంటుంది. ఆరోగ్యవంతుల్లో ఒక కైలోమైక్రాన్ రక్తంలో ఉండేది కొన్ని నిమిషాలే.

మన పాపలో ఆ గోడ మీద ఎంజైము పనిచేయదు. మూటలు వస్తూనే ఉన్నాయి, దింపుకునేవాళ్లు లేరు. దారి తెలియని తెల్లరక్తకణాలు కొన్నిటిని మింగాయి. కాలేయం, ప్లీహం పెరగడం, చర్మం మీద పసుపు పొక్కులు రావడం దానివల్లే.

రక్తం గడ్డకట్టకుండా ఆపే హెపారిన్ సూది వేస్తే పాలలాంటి ప్లాస్మా తేటపడుతుందని హాన్ అనే శాస్త్రవేత్త 1943లో కుక్కల్లో గమనించాడు. ఆ సూది గోడ మీది ఎంజైమును రక్తంలోకి విడిపిస్తుంది. 1955లో కార్న్ దానికి లైపోప్రోటీన్ లైపేజ్ అని పేరు పెట్టాడు. 1960లో హావెల్, గోర్డన్ ఒకే కుటుంబంలో పాలలాంటి రక్తం ఉన్నవాళ్లలో ఆ ఎంజైమే లేదని చూపారు. అప్పటికి జబ్బును వర్ణించి 28 ఏళ్లయింది. హెపారిన్ ఇచ్చి ఎంజైము కొలిచే పరీక్ష మాకు అందుబాటులో లేదు. జన్యుపరీక్షకి పంపాం. ఐదు వారాలకి వచ్చిన రిపోర్టులో ఆ ఎంజైమును తయారుచేసే ఎల్‌పీఎల్ జన్యువు రెండు ప్రతుల్లోనూ ఒకే లోపం. ఈ లోగా మధుమేహం, థైరాయిడ్, మూత్రంలో ప్రోటీన్ పోవడం, గ్లైకోజెన్ నిల్వ జబ్బు, స్టెరాయిడ్ వాడకం ఏవీ లేవని నిర్ధారించుకున్నాం.

కొవ్వు ఆపడం సులువే, అదే భయం

పాలు ఆపి గ్లూకోజు సెలైన్ పెట్టాం. 24 గంటలకి ట్రైగ్లిజరైడ్స్ 6,900. 48 గంటలకి 3,100. నాలుగో రోజు 1,180. ఏడుపు రెండో రోజే తగ్గింది. ఈ జబ్బులో ఇంత వేగంగా ఫలితమిచ్చే మందు ఇంకోటి లేదు. లోపలికి కొవ్వు రాకపోతే మూటలే తయారుకావు. ప్లాస్మా మార్పిడి గురించి మాట్లాడుకున్నాం గానీ అవసరం రాలేదు. ట్రైగ్లిజరైడ్స్ తగ్గించే ఫైబ్రేట్ మందులు ఇవ్వలేదు. అవి ముఖ్యంగా ఉన్న ఎంజైమును పెంచుతాయి, ఇక్కడ పెంచడానికి పనిచేసే ఎంజైమే లేదు.

కష్టం ఐదో రోజు మొదలైంది. పాపకి ఇప్పుడు ఏం పట్టాలి?

పెద్దవాళ్లకి కొవ్వు తగ్గించండి అని చెప్పి పంపేస్తాం. 70 రోజుల పాపకి ఆ మాట చెప్పడం ప్రమాదం. తల్లిపాల శక్తిలో సగం కొవ్వు నుంచే వస్తుంది. శక్తి ఒక్కటే అయితే చక్కెరతో సరిపెట్టవచ్చు. కానీ పుట్టినప్పుడు నాలుగు వందల గ్రాములు కూడా ఉండని మెదడు ఏడాదికి రెండింతలు దాటుతుంది, నీరు తీసేస్తే ఆ మెదడు బరువులో సగానికి పైగా కొవ్వు పదార్థాలే. నరాల చుట్టూ పట్టే మైలిన్ తొడుగు ఈ నెలల్లోనే వేగంగా పడుతుంది. ప్రతి కణం పొరా రెండు వరసల ఫాస్ఫోలిపిడ్లు. ఊపిరితిత్తుల గాలి గదులు ఒకదానికొకటి అతుక్కుపోకుండా ఆపేదీ కొవ్వు పూతే. నెలలు తక్కువ పిల్లలు ఆ పూత చాలక ఊపిరాడక అల్లాడడం మా విభాగంలో రోజూ చూస్తాం. కార్టిసాల్, సెక్స్ హార్మోన్లు, పైత్య లవణాలు కొలెస్టరాల్ నుంచి పుడతాయి. జ్వరం తెప్పించే ప్రోస్టాగ్లాండిన్లూ ఒక ఫ్యాటీ ఆమ్లం నుంచే.

అయితే వీటిలో చాలావరకు ఒళ్లే తయారుచేసుకోగలదు. కొలెస్టరాల్‌ని దాదాపు ప్రతి కణమూ చేసుకుంటుంది. ఫ్యాటీ ఆమ్లాలను చక్కెర నుంచి అల్లుకుంటుంది. ఎంజైము లేని ఈ పిల్లల బుగ్గలు కూడా బొద్దుగానే ఉంటాయి. కొవ్వు కణాలు లోపల సొంతంగా వండుకుంటాయి కాబట్టి. ఒళ్లు చేసుకోలేనివి రెండే: లినోలిక్ ఆమ్లం, ఆల్ఫా లినోలెనిక్ ఆమ్లం. ఫ్యాటీ ఆమ్లపు గొలుసులో తోక వైపు జంట బంధం పెట్టే ఎంజైములు మొక్కలకున్నాయి, మనకి లేవు. 1929లో జార్జ్ బర్, మిల్డ్రెడ్ బర్ దంపతులు ఎలుకల మేతలో కొవ్వు పూర్తిగా తీసేసి, చర్మం పొలుసులు రాలి, ఎదుగుదల ఆగిపోవడం చూపారు. ఆ రెండూ పాపకి ఇవ్వక తప్పదు. ఇచ్చిన ప్రతి చుక్కా మళ్లీ మూటై రక్తంలో నిలబడుతుంది. అందుకే కొలిచి ఇవ్వాలి.

మిగతా శక్తికి దారి ఉంది. 8, 10 కార్బన్ల పొట్టి ఫ్యాటీ ఆమ్లాలు మూట కట్టకుండానే పేగు నుంచి నేరుగా కాలేయానికి వెళ్లి కాలిపోతాయి. వీటితో చేసిందే ఎంసీటీ నూనె. గ్రాముకి 8.3 కిలోక్యాలరీలు. ఇందాక చక్కెర, ప్రోటీన్ వెళ్తాయని చెప్పిన నేరు దారి ఇదే, లింఫ్ నాళాల ఊసు లేదు. పోనీ అంతా చక్కెరతోనే నింపేద్దామంటే కాలేయం దాన్ని వీఎల్‌డీఎల్ అనే ఇంకోరకం మూటగా కట్టి రక్తంలోకి వదులుతుంది. దాన్ని విప్పడానికీ అదే ఎంజైము కావాలి.

అమ్మమ్మ ఒక మాట అడిగింది. "డాక్టరమ్మా, ఎంసీటీ కొబ్బరినూనె నుంచే తీస్తారని మా మనవడు ఫోన్లో చూశాడు. అంత ఖరీదు డబ్బా ఎందుకు, మన కొబ్బరినూనే రెండు చుక్కలు వేస్తే పోదా?" మంచి ప్రశ్న. కొబ్బరినూనెలో దాదాపు సగం లారిక్ ఆమ్లం, 12 కార్బన్లది. దానిలో చాలా భాగం పెద్ద గొలుసుల లాగే కైలోమైక్రాన్‌లో ఎక్కుతుంది. 8, 10 కార్బన్లవి పదిహేను శాతం లోపే. డబ్బాలో ఉన్నది వాటినే విడదీసి చేసిన నూనె. అందుకే వద్దన్నాను.

తల్లిపాలు పూర్తిగా ఆపించడానికి నాకు మనసొప్పలేదు. చుట్టుపక్కల వాళ్లు అప్పటికే "నీ పాలు పడలేదు" అన్నారు. బాలింతగా నెయ్యి, కాయం, సున్నుండలు తిన్నందుకే ఇలా అయిందని ఆమె నెయ్యి మానేసి కూర్చుంది. తల్లి తినే తిండి పాలలో ఏ రకం ఫ్యాటీ ఆమ్లాలు ఉంటాయన్నది మారుస్తుంది, మొత్తం కొవ్వును పెద్దగా మార్చదు. ఆమె నూనె తాకకపోయినా పాల ఫ్యాట్ నాలుగు దగ్గరే ఉంటుంది. ఈ మాట మూడుసార్లు చెప్పాక నెయ్యన్నం తింది.

పాలలో కొవ్వు తీసేస్తే మిగిలేది ప్రోటీన్, లాక్టోజు, రక్షణ కణాలు, యాంటీబాడీలు. అవి పాపకి కావాలి. పిండిన పాలను శుభ్రమైన ట్యూబుల్లో పోసి, చల్లని సెంట్రిఫ్యూజ్‌లో తిప్పి, గడ్డకట్టిన మీగడ కిందనుంచి పాలు లాగాం. రోజుకి 300 మిల్లీలీటర్లు అవి, 400 ఎంసీటీ ఫార్ములా, 2 మిల్లీలీటర్ల సోయా నూనె సిరంజితో కొలిచి. సోయా నూనెలో సగం లినోలిక్ ఆమ్లం, ఏడు శాతం దాకా ఆల్ఫా లినోలెనిక్. రెండూ ఒకే నూనెలో, ఏ కిరాణా కొట్లోనైనా దొరికేది. నీటిలో కలిసే రూపంలో ఎ, డి, ఇ, కె విటమిన్లు. ఏడో రోజుకి 640. పదకొండో రోజు ఇంటికి పంపాం.

ఇంటికెళ్లాక పెరిగింది

రెండు వారాలకి మళ్లీ వచ్చినప్పుడు 2,900. క్లోమం వాపు లేదు గానీ పొక్కులు కొత్తగా వచ్చాయి. ఇంట్లో ఎవరో ఏదో పట్టారని నేను ముందు అనుకున్నాను. తల్లిని రెండుసార్లు గుచ్చి గుచ్చి అడిగాను. ఆమె కళ్లనీళ్లు పెట్టుకుంది. తప్పు ఆమెది కాదు, నాది.

డిశ్చార్జి రోజు నేను చెప్పింది ఇది: పాలు ఫ్రిజ్‌లో ఒక రోజు ఉంచండి, పైన మీగడ కడుతుంది, చెంచాతో తీసేయండి. పాలు మరిగించి మీగడ తీసే ఇంట్లో ఇది ఎవరికీ కొత్త కాదు. ఆ పని ఆమె అక్షరాలా చేసింది. తండ్రి కాసేపు విని, "మేడమ్, చేత్తో మీగడ తీసిన గేదె పాలు కేంద్రంలో పోస్తే మూడు రీడింగ్ వస్తుంది. సున్నా రావాలంటే సెపరేటర్లో తిప్పాల్సిందే," అన్నాడు. ఆ మాట నేను అడగాల్సింది, డిశ్చార్జికి ముందే.

ఆమె తెచ్చిన పాలను సన్నటి గాజుగొట్టంలో పీల్చి, హిమటోక్రిట్ మెషీన్‌లో తిప్పి, మీగడ పొడవు కొలిచాం. ఏ ల్యాబ్‌లోనైనా చేయగల పరీక్ష ఇది. చెంచాతో తీసిన పాలలో ఇంకా రెండు శాతానికి దగ్గరగా కొవ్వు ఉంది. 300 మిల్లీలీటర్లలో ఆరు గ్రాములు. సోయా నూనె మీద నేను సిరంజి పట్టుకుని చూపిన జాగ్రత్త అంతా వృథా.

సెపరేటర్ తెస్తానన్నాడు తండ్రి. గేదె పాలు తిప్పేది పసిపాపకి శుభ్రంగా ఉండదు, పైగా దానికి లీటర్ల కొద్దీ పాలు పోయాలి. వద్దన్నాను. పెద్ద సిరంజిల్లో పాలు నింపి, మూతి కిందికి ఉండేలా ఫ్రిజ్‌లో నిలబెట్టమన్నాం. మరునాడు కిందనుంచి మెల్లగా నెట్టి, పై మూడో వంతు వదిలేయాలి. అలా తీస్తే ఒక శాతానికి కాస్త పైన వచ్చింది. ఆ మేరకి తల్లిపాలు 150కి తగ్గించి, ఫార్ములా పెంచాం. మూడు వారాల్లో 810. మొత్తం పెద్ద గొలుసుల కొవ్వు శక్తిలో 15 శాతం దాటకుండా లెక్క సరిపోయింది.

అక్క, తమ్ముడు, కూతురు

ఇది రెండు వైపులా లోపం వస్తేనే పుట్టే జబ్బు. పాప తల్లిని ఆమె మేనమామకే ఇచ్చారు. అంటే పాప అమ్మమ్మ, పాప తండ్రికి సొంత అక్క. వంశవృక్షం గీస్తుంటే ఆమె నా పక్కనే కూర్చుని చూసింది. ఆ లోపం ఉన్న ఒక్క ప్రతి ఆమె తల్లిదండ్రుల్లో ఒకరి నుంచి ఆమెకీ, ఆమె తమ్ముడికీ వచ్చి ఉండాలి. ఆమె నుంచి కూతురికి. ఇద్దరూ కలిసి పాపకి. గీతలు కలిసిన చోట ఆమె వేలు ఆగింది.

"అయితే నేనే ఇచ్చానా డాక్టరమ్మా?"

నేను ఏమన్నానో ఇక్కడ రాస్తున్నాను, ఎందుకంటే మేనరికాల గురించి మాట్లాడేటప్పుడు మనలో చాలామంది డాక్టర్లు మందలింపు గొంతుతో మాట్లాడతాం. ప్రతి మనిషిలోనూ ఇలాంటి లోపాలున్న జన్యువులు కొన్ని ఒక్కో ప్రతిగా ఉంటాయి, వాటివల్ల ఏ ఇబ్బందీ ఉండదు. ఏవి ఉన్నాయో ఎవరికీ తెలియదు. ఆమెకీ తెలియదు. దగ్గర రక్తంలో పెళ్లయితే అదే లోపం రెండుసార్లు కలిసే అవకాశం పెరుగుతుంది, అంతే. మేనమామ సంబంధంలో అది బావామరదళ్ల సంబంధం కంటే రెట్టింపు. ఇకముందు వచ్చే ప్రతి కాన్పులో నాలుగింట ఒక వంతు అవకాశం ఉంది, గర్భంలోనే పరీక్ష చేయించుకోవచ్చు. జరిగినదానికి ఎవరూ బాధ్యులు కారు. ఆమె తన రక్తం కూడా పరీక్షించమంది. పరగడుపున 310. ఒక్క ప్రతి ఉన్నవాళ్లలో కొందరికి ఇలా కాస్త పెరుగుతుంది. ఆమెకి ఆహారం, షుగరు, బరువు గురించి చెప్పి పంపాం.

మందుల గురించి తండ్రి అడుగుతూనే ఉంటాడు. ఐరోపాలో అనుమతి పొందిన మొట్టమొదటి జన్యుచికిత్స ఈ జబ్బుకే. 2012లో వచ్చింది. విపరీతమైన ధర, వాడేవాళ్లు లేక 2017లో ఆగిపోయింది. 2024 డిసెంబరులో అమెరికా ఒలెజార్సెన్ అనే సూదిమందుకి అనుమతించింది, అది పెద్దవాళ్లకి. అపోసీ3 అనే ప్రోటీన్ తయారీని తగ్గించి, లైపోప్రోటీన్ లైపేజ్ లేకుండా కూడా మూటలు కొంత కరిగేలా చేస్తుంది. పాప పెద్దయ్యేనాటికి ఇవి మన దగ్గరికీ అందే ధరలో రావాలని నేను గట్టిగా కోరుకుంటున్నాను. ఈలోగా మందు తిండే.

ఇప్పుడు పాపకి 14 నెలలు. 8.9 కిలోలు. ట్రైగ్లిజరైడ్స్ 700 నుంచి 950 మధ్య తిరుగుతున్నాయి. వెయ్యి దాటనివ్వకపోతే క్లోమం చాలావరకు క్షేమం. పొక్కులు పోయాయి, ప్లీహం చేతికి తగలడం లేదు. నాలుగడుగులు నడుస్తోంది, తాతా అంటోంది. రాగిజావ, మెత్తటి అన్నం, పప్పుకట్టు, ఆనపకాయ, సెపరేటర్ పాల పెరుగు. అన్నప్రాశనకి పరమాన్నం కూడా సెపరేటర్ పాలతోనే, నెయ్యి లేకుండా వండారు. సోయా నూనె ఇప్పుడు 4 మిల్లీలీటర్లు, వంటలో వేయరు, అన్నంలో సిరంజితో వేస్తారు.

ఏ ఆసుపత్రికి వెళ్లినా చూపించడానికి ఒక కార్డు రాసిచ్చాను, తెలుగులో, ఇంగ్లిషులో. కొవ్వు కలిపిన సెలైన్ ఎక్కించవద్దు. మత్తుకి ప్రొపోఫాల్ వాడవద్దు, అది నూనెలో కలిపిన మందు. సోడియం బ్లడ్ గ్యాస్ మెషీన్‌లోనే చూడండి. కడుపునొప్పి, వాంతులు ఉంటే ముందు క్లోమాన్ని అనుమానించండి, ఆహారం ఆపి లైపేజ్ చేయండి. ఈ పాప పెద్దయ్యాక ఈస్ట్రోజెన్ మాత్రలు రాయవద్దు.

కార్డు కింద ఒక వాక్యం తల్లి అడిగి రాయించుకుంది. వాళ్ల ఇంట్లో గేదె ఈనిన ప్రతిసారీ వీధిలో అందరికీ జున్ను పంచుతారు, ఎవరింట్లో జున్ను వండినా వాళ్లకీ వస్తుంది. తెలుగు వైపు చివరి వరసలో, నా చేతిరాతతో ఉంది: "మా పాపకి జున్ను పెట్టకండి."